కేసు ఇంటర్వ్యూకి మనమెందుకు పేరివ్వం?

ప్లేస్‌మెంట్ సెల్ బోర్డు మీద ఇప్పుడున్న కాగితాల్లో ఒకటి కన్సల్టింగ్ కంపెనీది. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా పేరివ్వొచ్చని అందులో మొదటి వాక్యంలోనే ఉంది. కింద జాబితాలో ఎకనామిక్స్ వాళ్లున్నారు, మాథ్స్ వాళ్లున్నారు, బి.బి.ఎ. వాళ్లయితే దాదాపు సగం క్లాసు ఉంది. పార్ట్ వన్‌లో తెలుగు తీసుకుని రెండేళ్లు ఒకే గదిలో చదువుకున్నవాళ్లం, ఇప్పుడు మూడో సంవత్సరంలో అన్ని గ్రూపులూ కలిపితే ముప్పైమందికి పైగా ఉన్నాం. ఆ జాబితాలో మన పేర్లు రెండే. ఒకటి నాది.

ఎందుకు రాయలేదని అడిగితే అందరూ ఒకే లైను మీద వేలు పెట్టారు. "ఎంపిక: కేస్ స్టడీ ఇంటర్వ్యూ." ఒకమ్మాయి "అదంతా ఐ.ఐ.ఎం. వాళ్లకే" అంది. ఇంకొకామె "ఇంగ్లీషు దంచెయ్యాలి కదా, మనవల్ల అవుతుందా" అంది. మూడో మాట "బిజినెస్ తెలిసినవాళ్లకే అది" అని. (మా ఇంట్లో అయితే కేసు అనగానే "ఏం కేసు? ఎవరి మీద?" అన్నారు. ఆ సంగతి వదిలేద్దాం.) ఈ మూడు మాటల్లో మొదటి రెండూ సగం నిజం. మూడోది మాత్రం నిజం కాదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మూడోదాని కోసమే, ఆ తర్వాత మిగిలిన సగం నిజాల కోసం.

ముందు ఆ ఇంటర్వ్యూలో ఏం జరుగుతుందో చెప్తాను. కన్సల్టింగ్ కంపెనీ పని సలహా చెప్పడం. ఒక వ్యాపారమో, ఒక ప్రభుత్వ శాఖో తమకొచ్చిన చిక్కు విప్పమని బయటివాళ్లని పిలిచి డబ్బిస్తుంది. ఈ రంగంలో పేరున్న మూడు కంపెనీలూ అమెరికాలో పుట్టినవే. మెకిన్సీ 1926లో, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1963లో, బెయిన్ 1973లో మొదలయ్యాయి. అక్కడ చేరేవాళ్లు రేపు ఏ కంపెనీకి వెళ్తారో, అక్కడ ఎలాంటి చిక్కు ఉంటుందో ముందే తెలీదు. సిమెంటు కావచ్చు, సబ్బులు కావచ్చు, ఆసుపత్రి కావచ్చు. అందుకని ఇంటర్వ్యూలో మీకేం తెలుసు అని అడిగి లాభం లేదు. తెలియనిదాన్ని మీ ముందు పెట్టి, మీరెలా ఆలోచిస్తారో చూస్తారు. కేసు అంటే అంతే.

మామూలుగా ఒక్కో ఇంటర్వ్యూ ముప్పావుగంట లోపు అయిపోతుంది. అందులో కొంతసేపు మన గురించి మాట్లాడతారు. ఏదైనా పని నడిపించారా, ఎవరితోనైనా గట్టిగా విభేదించారా, అప్పుడేం చేశారు, ఇలాంటివి. మిగతా సమయమంతా కేసు. ఎదురుగా ఉన్నవాళ్లు నాలుగైదు వాక్యాల్లో ఒక పరిస్థితి చెప్తారు: ఫలానా కంపెనీ, ఫలానా ఊరు, లాభం తగ్గింది, ఎందుకు, ఏం చెయ్యాలి. మీరు విన్నది ఒకసారి మీ మాటల్లో తిరిగి చెప్పాలి. అర్థం కానిది అడగాలి. ఒక్క నిమిషం టైమడిగి, తెల్లకాగితం మీద లెక్కని ముక్కలుగా విడగొట్టుకోవాలి. ఆ ముక్కల్లో దేన్ని ముందు చూడాలో, ఎందుకో చెప్పాలి. అంకెలు కావాలంటే అడగాలి, ఇస్తారు. కాలిక్యులేటర్ ఉండదు. చివర్లో "ఇప్పుడు మా యజమాని లోపలికి వచ్చారు, ఒక్క నిమిషంలో చెప్పండి, ఏం చెయ్యమంటారు?" అంటారు. మెకిన్సీలో ఎదుటివాళ్లే ఒక్కో ప్రశ్నా అడుగుతూ నడిపిస్తారు. మిగతా రెండింటిలో ఎక్కువగా పగ్గాలు మన చేతికే ఇస్తారు. మన కాలేజీలకి వచ్చే చిన్న కంపెనీలు కొన్ని ఇదే తంతు అయిదారుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి చేస్తాయి.

ఈ "కేసు" అన్న మాట ఎక్కడిదంటే, నిజంగానే కోర్టుదే. హార్వర్డ్ లా కాలేజీలో 1870లో లాంగ్‌డెల్ అనే ప్రొఫెసరు సూత్రాలు బట్టీ పెట్టించడం మాని, తీర్పులు చేతికిచ్చి చర్చించమన్నాడు. 1908లో మొదలైన అక్కడి బిజినెస్ స్కూలు ఆ పద్ధతినే తీసుకుంది. మన దేశంలో 1961లో వచ్చిన అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. హార్వర్డ్ సాయంతోనే దాన్ని అందుకుంది. అయితే క్లాసులో కేసుకి రాత్రంతా చదువుకుని వెళ్లే వీలుంటుంది. ఇంటర్వ్యూ కేసుకి అది లేదు, అప్పటికప్పుడే. చూడండి, మా ఇంట్లోవాళ్ల అనుమానం పూర్తిగా తప్పేం కాదు.

ఇప్పుడు "బిజినెస్ తెలిసినవాళ్లకే" అన్న మాట సంగతి. కేసుల్లో ఒక రకం ఉజ్జాయింపు లెక్కలు. ఎన్రికో ఫెర్మీ అనే భౌతిక శాస్త్రవేత్త పేరు మీద చెలామణీ అయ్యే ఒక ప్రశ్న ఉంది: షికాగోలో పియానోలు శ్రుతి చేసేవాళ్లు ఎంతమంది? పుస్తకాల్లో అదే ఉంటుంది, లేకపోతే విమానంలో ఎన్ని టెన్నిస్ బంతులు పడతాయని ఉంటుంది. పియానో ముఖం చూడనివాళ్లం కాబట్టి అది చదివి మనం భయపడతాం. దాని బదులు ఇలా అడుగుదాం: ఒక శుక్రవారం నాడు చెన్నైలో ఎన్ని మూరల పూలు అమ్ముడవుతాయి?

అంతే, ఇప్పుడు ఈ గదిలో అందరికీ నోరొస్తుంది. కాగితం మీద చేద్దాం. ఊరి జనాభా 70 లక్షలు అనుకుందాం. 2011 జనాభా లెక్కల్లో, పెరిగిన కార్పొరేషన్ హద్దుల్ని కలుపుకుంటే 67 లక్షల దాకా ఉంది. ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది, కానీ లెక్కకి వీలుగా 70 పెట్టుకుందాం. గుళ్ల దండలు, పెళ్లి మండపాల పూలు పక్కన పెట్టి, వీధిలో మూర లెక్కన అమ్మేవే చూద్దాం. (తమిళంలో ముళం అంటారు, మూరే అది. అమ్మే ఆవిడ చెయ్యి పొట్టిదైతే మూరా పొట్టిదే. ఇది కూడా ఒక కేసు.) ఈ పూలు రెండు చోట్లకి పోతాయి: పటాలకి, జడల్లోకి. ఇంటికి నలుగురు చొప్పున 17 లక్షల 50 వేల ఇళ్లు. శుక్రవారం సగం ఇళ్లలో పటానికి ఒక మూర కొంటారనుకుంటే, సుమారు 9 లక్షల మూరలు. ఇక జడలు. ఆడవాళ్లు 35 లక్షలు. చంటిపిల్లల్ని, జుట్టు కత్తిరించుకున్నవాళ్లని, పూలంటే ఇష్టంలేని మనలాంటివాళ్లని తీసేస్తే, మూడోవంతు మంది పెట్టుకుంటారని అనుకోవచ్చు. సుమారు 12 లక్షలమంది, తలా అరమూర. 6 లక్షలు. మొత్తం 15 లక్షల మూరలు.

ఇది నిజమా? ఎవరికీ తెలీదు, అడిగినవాళ్లకీ తెలీదు. కానీ సరిచూసుకునే దారి ఒకటుంది. పూలమ్మే ఆవిడ శుక్రవారం పూట 150 మూరలు అమ్ముతుందనుకుంటే, ఊళ్లో 10,000 మంది అమ్మేవాళ్లు ఉండాలి. అంటే 700 మందికి ఒకరు, దాదాపు 175 ఇళ్లకి ఒకరు. పెరంబూరులో మా వీధి, దాని పక్క వీధి కలిపితే ఇంచుమించు అన్ని ఇళ్లే, రామాలయం మలుపులో ఒకావిడే. సరిపోయింది. ఇంటర్వ్యూలో మార్కు పడేది 15 లక్షలకి కాదు, ఇలా రెండో వైపునుంచి వచ్చి చూసుకున్నందుకు.

ఆగండి, ఇంకొకటుంది. ఈ లెక్క మా అవ్వ దగ్గర చేస్తే ఆమె ఒక్క మాట అంది: "ముండమోసినవాళ్లని తీసెయ్యలేదేమే?" మా తాత పోయాక ఆమె పూలు పెట్టుకోలేదు. నేను చూసిన ఏ కేసు పుస్తకంలోనూ ఈ గడి ఉండదు. ఇంటి లోపలి సంగతి తెలిసినవాళ్లకే కనపడే గడి ఇది. ఈ ఊళ్లో సబ్బో, నగో, చీరో అమ్మాలనుకునే కంపెనీకి ఆ గడి ఉందని చెప్పగలిగేది ఎవరు? బిజినెస్ తెలియదనుకుంటున్న మనమే. ఆ గడి అసలు ఎందుకుండాలి అని అడగాల్సిందీ మనమే అనుకోండి, అది వేరే వ్యాసం.

ఇలా ముక్కలు చెయ్యడానికి వాళ్ల భాషలో ఒక నియమముంది. ఎం, ఇ, సి, ఇ అనే నాలుగు అక్షరాల పొడిమాట. "మీసీ" అంటారు చాలామంది. ఆ మాట పుట్టించిన బార్బరా మింటో గారు మాత్రం "మీస్" అనే పలకాలంటారు. 1963లో మెకిన్సీ ఆమెని తీసుకుంది. ఎం.బి.ఎ. చదివిన ఆడవాళ్లలో ఆ కంపెనీ తీసుకున్న మొదటి మనిషి ఆమె. రాతలు అర్థంకాకపోవడానికి కారణం భాష కాదు, వెనక ఉన్న ఆలోచన అమరిక సరిగా లేకపోవడం అని ఆమె కనిపెట్టారు. ఆ నియమం తెలుగులో చెప్పాలంటే: ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరకూడదు, అన్నీ కలిపితే బయట ఏదీ మిగలకూడదు.

ఇది వినగానే నాకు పార్ట్ వన్ మొదటి సెమిస్టరు గుర్తొచ్చింది. వర్ణమాలని అచ్చులు, హల్లులు, ఉభయాక్షరాలు అని విడగొట్టారు. ఏ అక్షరమూ రెండు గుంపుల్లో ఉండదు, ఏదీ బయట ఉండదు. మళ్లీ హల్లుల్ని పరుషాలు అయిదు, సరళాలు అయిదు, మిగిలినవన్నీ స్థిరాలు అన్నారు. "మిగిలినవన్నీ" అనే గడి చిన్నయసూరికీ కావలసివచ్చింది చూడండి, కన్సల్టెంట్లు కూడా అన్నిటికంటే కింద "ఇతరాలు" అని ఒక గడి గీస్తారు. పరవస్తు చిన్నయసూరి ఈ ఊళ్లోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన మనిషి. బాలవ్యాకరణం 1858లో వచ్చింది. మింటో గారికి వందేళ్ల ముందు. ఆయన్ని కన్సల్టెంటు చేసెయ్యాలని కాదు నా ఉద్దేశం. ఒక సమాసం చూసి విగ్రహవాక్యం చెప్పినప్పుడు, పద్యపాదాన్ని గణాలుగా విడగొట్టినప్పుడు మనం చేస్తున్నది విడగొట్టే పనే. రెండేళ్లు చేశాం. దాన్ని ఇంకో చోట వాడొచ్చని మనకెవరూ చెప్పలేదు, అంతే.

ఇంకో రకం కేసు లాభనష్టాలది. ఎక్కువగా వచ్చేది ఇదే. ఉదాహరణకి ఒకటి అల్లాను. ఇడ్లీ పిండి ప్యాకెట్లు తయారుచేసి వీధి కొట్లకి వేసే ఒక వ్యాపారం. కిలో ప్యాకెట్టు కొట్టుకి 40 రూపాయలకి ఇస్తారు, తయారీకి 32 అవుతుంది. పోయినేడు రోజుకి 2,000 ప్యాకెట్లు పంపేవాళ్లు. ఈ ఏడు 2,600 పంపుతున్నారు. అమ్మకాలు పెరిగాయి. లాభం తగ్గింది. ఎందుకు?

భయపడేవాళ్లు ఇక్కడే బియ్యం ధర, కరెంటు, పోటీ, ప్రకటనలు అని తోచినవన్నీ చెప్పేస్తారు. అది వద్దు. లాభం అంటే వచ్చింది లోంచి పోయింది తీసేస్తే మిగిలింది. వచ్చింది అంటే అమ్ముడైన ప్యాకెట్లు ఇంటూ ధర. పోయింది అంటే తయారుచేసిన ప్యాకెట్లు ఇంటూ ఖర్చు. ఇలా రాసుకోగానే ఒక తేడా కళ్లకి కడుతుంది: తయారుచేసినవి, అమ్ముడైనవి ఒకటేనా? అడగండి, చెప్తారు. పిండి పులిసిపోతే కొట్టువాళ్లు తిరిగిచ్చేస్తారు, డబ్బివ్వరు. పోయినేడు రోజుకి 40 తిరిగొచ్చేవి. ఈ ఏడు 260.

ఇప్పుడు లెక్క. పోయినేడు అమ్ముడైనవి 1,960. ఒక్కోదాని మీద 8 రూపాయల చొప్పున 15,680. తిరిగొచ్చిన 40కీ 32 చొప్పున నష్టం 1,280. మిగిలింది రోజుకి 14,400. ఈ ఏడు అమ్ముడైనవి 2,340. లాభం 18,720. తిరిగొచ్చిన 260కీ నష్టం 8,320. మిగిలింది 10,400. ఒక ప్యాకెట్టు పులిస్తే, నాలుగు ప్యాకెట్లు అమ్మిన లాభం పోతుంది. దోసెపిండి పులిస్తే ఏమవుతుందో ఈ క్లాసులో ఎవరికి తెలీదు? మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఫ్రిజ్ లేని కొట్లో ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. కాబట్టి తర్వాతి ప్రశ్న మీకే తడుతుంది: తిరిగొచ్చేవి అన్ని కొట్లనించీ వస్తున్నాయా, ఈ ఏడు కొత్తగా కలిసిన కొట్లనించేనా? అక్కడినించి దారి కనపడుతుంది. ఆ కొట్లకి తక్కువ వెయ్యడమా, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వెయ్యడమా, ఫ్రిజ్ ఉన్నవాళ్లకే ఇవ్వడమా.

ఈ రకం కేసులోనే నాకు అభ్యంతరం ఉన్న చోటు కూడా ఉంది. ఇలాంటి ప్రశ్నకి చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు "మనుషుల్ని తగ్గించండి" అని. ప్యాకింగులో పన్నెండుమంది ఆడవాళ్లున్నారు, నలుగురిని తీసేస్తే రోజుకి 500 చొప్పున 2,000 మిగులుతుంది. లెక్క తప్పు లేదు. ఇరవై నిమిషాల్లో, ఏసీ గదిలో, ఆ నలుగురి ముఖం చూడకుండా చెప్పెయ్యొచ్చు. కేసు ఇంటర్వ్యూ మీద నాకున్న పెద్ద అనుమానం ఇది: ఎదుట లేనివాళ్ల గురించి ధీమాగా మాట్లాడటం ఒక ప్రతిభలా కనిపించేలా చేస్తుంది. మనలో చాలామంది ఇళ్లలో ఆ పన్నెండుమందిలాంటి పెద్దమ్మో పిన్నో ఉంటుంది. అందుకని ఇంటర్వ్యూకి వెళ్లకూడదంటారా? నేననను. వెళ్లి, ఆ మాట వచ్చినప్పుడు "వాళ్లేం పని చేస్తున్నారో ముందు చెప్తారా?" అని అడగాలంటాను. ఇది జాలి మాట కాదు, తెలివైన వ్యాపారం మాటే. పిండి పులిసింది కొట్లో, ప్యాకింగులో కాదు. నలుగురిని తీసేస్తే చెయ్యి తక్కువై ప్యాకెట్లు ఆలస్యంగా వెళ్తాయి, ఇంకా ఎక్కువ పులుస్తాయి. అడగకుండా తీసేసినవాళ్లకి ఇది తెలిసే అవకాశం లేదు.

ఇక "ఐ.ఐ.ఎం. వాళ్లకే" అన్న సగం నిజం. ఆ పెద్ద మూడు కంపెనీలు మన దేశంలో ఎక్కువగా ఐ.ఐ.ఎం.లకి, ఐ.ఐ.టి.లకి, ఢిల్లీలో కొన్ని డిగ్రీ కాలేజీలకి వెళ్తాయి. మన బోర్డుకి కాగితం పంపేవి వేరే. దాన్ని దాచి లాభం లేదు. ఇంకా ముఖ్యమైనది, ఆ కాలేజీల్లో కన్సల్టింగ్ క్లబ్బులుంటాయి. సీనియర్లు తాము ఎదుర్కొన్న కేసులన్నీ రాసి పుస్తకంగా కుట్టి జూనియర్లకి ఇస్తారు. జంటలుగా కూర్చుని ఒకరు అడిగితే ఒకరు చెప్తూ నెలల తరబడి సాధన చేస్తారు. ఇంటర్వ్యూ గదిలో అది పుట్టుకతో వచ్చిన తెలివిలా కనిపిస్తుంది. యాభై కేసులు చేసినవాళ్లకీ మొదటిసారి చేస్తున్నవాళ్లకీ ఉన్న తేడా బుర్రలో కాదు, యాభైలో ఉంది. కాబట్టి "కేసులో అందరూ సమానం, ఏ కాలేజీ అని చూడం" అని ఎవరైనా అంటే నేను నమ్మను. ప్రశ్న సమానం. దాని ముందు జరిగినదేదీ సమానం కాదు.

కానీ దీన్నించి నాకు తోచేది నిరాశ కాదు. ఆ తేడాకి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగే ఇంకో మనిషి కావాలి. అద్దం ముందు ఒక్కరే చేసేది సాధన కాదు, ఎందుకంటే అద్దం "అదెందుకు?" అని అడగదు. మంచి ఇంటర్వ్యూ చేసేవాళ్లు మనం పొరపాటు దారిలో పోతుంటే చిన్న ఆధారం ఇస్తారు. అది అందుకుని తిరిగారా, లేక మొండిగా పోయారా అనేది కూడా చూస్తారు. ఆ అందుకోవడం ఇద్దరుంటేనే వస్తుంది. మనం ముప్పైమందిమి ఉన్నాం.

ఇంగ్లీషు సంగతి చివరికి ఉంచాను, కష్టమైనది అదే కాబట్టి. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది. ఇంట్లో తెలుగు, షేర్ ఆటోలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. పెరంబూరు, చింతాద్రిపేటలనించి వచ్చేవాళ్లకైనా, తిరుత్తణి, హొసూరులనించి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లకైనా ఇదే వరస. కేసు చేసేటప్పుడు మనం ఒకేసారి రెండు పనులు చేస్తాం: ఆలోచించడం, దాన్ని ఇంగ్లీషు చెయ్యడం. రెండో పని మొదటిదాన్ని మింగేస్తుంది. "గ్రామర్ సరిగా వచ్చిందా" అనుకునేలోపు లెక్క జారిపోతుంది. అందుకని నేను చెప్పేది కొంచెం తలకిందులుగా ఉంటుంది: మొదటి పది కేసులు పూర్తిగా తెలుగులో చెయ్యాలి. పూలు, పిండి, షేర్ ఆటో, ట్యూషను, చీటీ పాట, ఏదైనా సరే, తెలుగులో గట్టిగా పైకి ఆలోచించాలి. విడగొట్టడం చేతికి వచ్చాక, అవే కేసులు మళ్లీ ఇంగ్లీషులో. అప్పుడు ఇంగ్లీషు ఒక్కటే కొత్త పని. దానికి కావలసిన వాక్యాలు కూడా నిజానికి ఇరవై మించవు: దీన్ని మూడు భాగాలుగా చూస్తాను, ముందు ఇది చూస్తాను ఎందుకంటే, ఈ అంకె మీ దగ్గర ఉందా, నా అంచనా ఇది, ఒక నిమిషం ఆగుతారా. ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు వాళ్లు నన్ను కొట్టకుండా ఉంటే, ఆ ఇరవై వాక్యాలకి యాస కూడా అక్కర్లేదంటాను. లెక్క మాత్రం లక్షల్లో, కోట్లలోనే చెయ్యండి. మన దేశంలో ఇంటర్వ్యూకి అది చాలు. మిలియన్లలోకి మార్చుకోబోయి సున్నాలు పోగొట్టుకోవడం ఎందుకు?

ఒక్క అలవాటు మాత్రం తెలుగులోనే మార్చుకోవాలి. మనం ఏది చెప్పినా "అసలేం జరిగిందంటే" అని మొదలుపెట్టి, కొండవీటి చాంతాడు చుట్టి, చివర్న విషయానికి వస్తాం. మింటో గారి పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. ముందు జవాబు, దాని కింద మూడు కారణాలు, ఒక్కో కారణం కింద దాని అంకె. "పంపే ప్యాకెట్లు తగ్గించాలి. ఎందుకంటే తిరిగొచ్చేవాటితో రోజుకి 8,320 పోతోంది" అని మొదలవ్వాలి. కథ చెప్పే పద్ధతిలో తప్పేమీ లేదు, నాకిష్టమే. కానీ లిఫ్టు తలుపులు మూసుకునేలోపు జవాబు కావాలనుకునేవాళ్లకి కథ చెప్తే వినరు. ఏ చోట ఏది అన్నది తెలిసుంటే రెండూ మనవే.

దీనికి చెయ్యాల్సింది చిన్నదే. బుధవారం చివరి పీరియడ్ తర్వాత తెలుగు డిపార్ట్‌మెంటు గది నాలుగున్నర దాకా వాడుకోవచ్చని మేడమ్ చెప్పారు. ఇద్దరిద్దరుగా కూర్చుందాం. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, తర్వాత మారాలి. కేసులు మనమే అల్లుదాం, ఒక్కొక్కరు ఇంట్లోనో వీధిలోనో ఉన్న ఒక వ్యాపారం చూసి, దాని అంకెలు అడిగి తెచ్చుకోవాలి. చేసినవన్నీ ఒక లాంగ్‌సైజు నోటుబుక్కులో రాసి డిపార్ట్‌మెంటు బీరువాలో పెడితే, రెండో సంవత్సరం చెల్లెళ్లకి వచ్చే ఏడు అది మన క్లబ్బు పుస్తకం. బి.బి.ఎ. వాళ్లు వస్తామన్నా రానిద్దాం, తెలుగులో చెయ్యాలి, అంతే షరతు. కామర్సు మేడమ్‌లలో ఎవరైనా నెలకొకసారి వచ్చి మమ్మల్ని గట్టిగా ప్రశ్నిస్తే ఇంకా మంచిది. అది ఇక్కడ రాసే అడుగుతున్నాను.

ప్లేస్‌మెంట్ సెల్ జాబితా ఈ శుక్రవారం సాయంత్రం తీసేస్తారు. మన కాగితం ఈ గోడపత్రిక కిందే అంటించాను. మొదటి బుధవారం కేసు ఇది: మన కాలేజీ గేటు ఎదుట జామకాయలమ్మే ఆవిడ వర్షాకాలంలో రోజుకి ఎంత సంపాదిస్తుంది, ఆ మూడు నెలలూ ఆమె ఇంకేదైనా అమ్మాలా? ఆవిడని వెళ్లి అడగడం కాపీ కిందికి రాదు.

— బి.కాం., మూడవ సంవత్సరం విద్యార్థిని